సొంత ఊళ్ళోనే సెలవు

దామెర్ల రామారావు చిత్రకళా మందిరంలో ఈ ఉదయం ఒక చిత్రం ముందు నిలబడి, 1925లో 28 ఏళ్ళైనా నిండకుండానే కన్నుమూసిన మనిషి ఇంతటి పని ఎలా చేసి వెళ్ళాడా అని నేను ఆలోచిస్తుంటే, పక్కనున్న అమ్మ అందులోని స్త్రీ చీరకట్టును చూపించి, "మా అమ్మమ్మ ఇలాగే కట్టుకునేదిరా" అన్నది.

ఆ మాట తరువాత అక్కడి నుండి కదలడానికి మాకు చాలాసేపు పట్టింది.

అరకు ప్రయాణం ఖర్చు లెక్క వేసి మానుకుని, ఈ సెలవుకు రాజమహేంద్రవరంలోనే యాత్రికుల్లా తిరగాలనుకున్నాము. మధ్యాహ్నం ధవళేశ్వరంలో, గోదావరి ఆనకట్ట కట్టించిన ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్ పేరిట ఉన్న మ్యూజియం చూశాము. 1852లో పూర్తయిన పాత ఆనకట్ట స్థానంలో వచ్చిన నేటి బ్యారేజీ ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా లంకల మీదుగా సాగుతుంది. ఇక్కడ కాలువలకు మళ్ళిన నీరే కోనసీమలో తాతగారి చేలను తడిపిందని తలచుకుంటే, రోజూ దాటే ఈ బ్యారేజీ వంతెన పట్ల నాకు ఎంతో గౌరవం కలిగింది.

ఆటో ఛార్జీలు, మెస్సులో భోజనం, సాయంత్రం మెయిన్ రోడ్డులో తాగిన చల్లని రోజ్ మిల్క్ తప్ప చెప్పుకోదగ్గ ఖర్చేమీ కాలేదు. గది అద్దె, రైలు వేళల ఆరాటం లేకపోవడం వల్ల ప్రతిచోటా మనసు నిండేవరకు ఉండగలిగాము. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

గౌతమీ గ్రంథాలయం, కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు ఇంకా మిగిలి ఉన్నాయి. వచ్చే సెలవుకు మిత్రులెవరైనా కలిసి వస్తామంటే చెప్పండి, అమ్మ పులిహోర చేసి తెస్తానంటున్నది.