మా ఇంటి బ్లడ్ రిపోర్టుల షీట్: ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా

రిపోర్టులో ఏదైనా అంకె బోల్డ్‌లో కనిపిస్తే టెన్షన్, లేదంటే ఫైలు నేరుగా బీరువాలోకి. చాలా ఇళ్లలో జరిగేది ఇదే. ఇంట్లో అందరి రిపోర్టులూ ఎక్సెల్ షీట్‌లోకి ఎక్కించి, ఒక అంకె పక్కన ఇంకో అంకె పెట్టి చదవడం నేను హాబీగా పెట్టుకున్నాను. మందులు రాసేది మా డాక్టరమ్మే. ఆవిడను ఏం అడగాలో తెలియడానికే ఈ షీట్.

తేదీ, ల్యాబ్, విలువలతో పాటు ఇంకో మూడు గడులు పెట్టాను: రక్తం పరగడుపున ఇచ్చారా, దగ్గర్లో జ్వరం ఏమైనా వచ్చిందా, ఏ మాత్రలు వాడుతున్నారు. నా మటుకు షీట్‌లో అసలు విలువైనవి ఈ మూడు గడులే.

ఫిబ్రవరి, నా వరుస

హిమోగ్లోబిన్ 11.2. గర్భిణులు కాని ఆడవాళ్లకు 12 కన్నా తగ్గితే రక్తహీనత కిందే లెక్క. ఎర్రకణాల సగటు సైజు చెప్పే ఎంసీవీ మాత్రం 84. నార్మల్ 80 నుంచి 100 దాకా కాబట్టి, అదొక్కటే చూస్తే ఐరన్‌కు ఢోకా లేదనిపిస్తుంది. దాని కింద రెండు లైన్ల తర్వాత ఆర్‌డీడబ్ల్యూ 17.8 ఉంది. మా ల్యాబ్ రేంజ్ 14.5 దాకానే. కణాల సైజుల్లో ఎంత తేడా ఉందో ఈ అంకె చెబుతుంది. ఐరన్ తగ్గితే కణాలు చిన్నవవుతాయి, బీ12 తగ్గితే పెద్దవవుతాయి. రెండూ ఒకేసారి తగ్గితే సగటు మధ్యలో పడి నార్మల్‌గా కనిపిస్తుంది. మాలాంటి శాకాహారుల ఇళ్లలో ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. డాక్టరమ్మ ఆ రెండింటికీ పరీక్షలు రాశారు: ఐరన్ నిల్వలు చెప్పే ఫెరిటిన్ 9, బీ12 168. ఫెరిటిన్ 15 లోపుంటే ఒంట్లో ఐరన్ నిల్వలు అయిపోయినట్టే. బీ12 200 లోపుంటే లోపమే అనుకోవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక. బీ12 చూసుకోకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే మింగితే హిమోగ్లోబిన్ పెరిగి అంతా బాగున్నట్టు కనిపిస్తుంది, నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. ఆ ఫోలిక్ యాసిడ్‌ను 1945లో అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి (1925) కూడా ఆయన చలవే. ఫాస్ఫరస్ గడి నింపినప్పుడల్లా ఆయనకు మనసులో దండం పెట్టుకుంటాను.

మార్చి

ఐరన్ మాత్ర రోజు విడిచి రోజు, బీ12 రోజూ. ఇలా విడిచి వేసుకుంటే వేసుకున్న మాత్ర బాగా ఒంటబడుతుంది, కడుపులో తిప్పడమూ తక్కువ. భోజనం కాగానే తాగే టీని నాలుగింటికి మార్చాను, ఎందుకంటే టీ ఐరన్‌ను పట్టి ఉంచేస్తుంది. తోటకూర పప్పులో దించాక నిమ్మకాయ పిండుతున్నాను. నెల తిరిగేసరికి హిమోగ్లోబిన్ 12.0. ఆర్‌డీడబ్ల్యూ ఇంకా 18 దగ్గరే ఉంది. పాత కణాలు, కొత్త కణాలు కలిసి తిరిగే రోజుల్లో అది అలాగే ఉంటుంది.

ఏప్రిల్

వైరల్ జ్వరం వచ్చింది. ఆ పరీక్షల్లో ఫెరిటిన్ కూడా చేశారు: 64. ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగే సీఆర్‌పీ 38. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉంటే నిల్వలు లేకపోయినా ఫెరిటిన్ పైకి లేస్తుంది. అందుకే ఆ గడికి పసుపు రంగు వేసి, గ్రాఫ్‌లోంచి తీసేశాను. ఆల్బుమిన్‌ది దీనికి తలకిందులు, జబ్బు చేస్తే పడిపోతుంది. ఆల్బుమిన్ తగ్గగానే ప్రోటీన్ పౌడర్ డబ్బా కొనేవాళ్లు ముందు సీఆర్‌పీ చూడాలి.

మే, తమ్ముడి వరుస

నాకు బాగా నచ్చిన వరుస ఇదే. హిమోగ్లోబిన్ 12.6 (మగవాళ్లకు 13 ఉండాలి), ఎంసీవీ 66. కాలేజీ రోజుల నుంచీ వాడికి ఐరన్ టానిక్కులు పోస్తూనే ఉన్నాం. కానీ ఎర్రకణాల సంఖ్య 6.1 మిలియన్లు! ఐరన్ లేనివాడికి కణాల సంఖ్య కూడా తగ్గాలి కదా. ఎంసీవీని ఆ సంఖ్యతో భాగిస్తే 10.8 వచ్చింది. 13 కన్నా తక్కువ వస్తే తలసీమియా ట్రెయిట్ (తలసీమియా అనే వంశపారంపర్య రక్తజబ్బు జన్యువు ఒకటి మోయడం) అని అనుమానించాలి. ఫెరిటిన్ 88, జ్వరమేమీ లేదు. డాక్టరమ్మకు చూపిస్తే హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూసే ఎలక్ట్రోఫోరెసిస్ పరీక్ష రాశారు. అందులో హెచ్‌బీఏ2 అనే రకం ఎక్కువగా, 5.2 శాతం వచ్చింది, అంటే ట్రెయిట్ ఖాయం. జబ్బేమీ కాదు, టానిక్ ఆపేశాం. వాడికి సంబంధాలు చూస్తున్నాం కాబట్టి అమ్మాయికి కూడా ఈ పరీక్ష చేయించమని అడగాల్సిందే. ఇద్దరికీ ట్రెయిట్ ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు తీవ్రమైన రకం, అంటే తలసీమియా మేజర్ వచ్చే అవకాశం ఉంటుంది. జాతకాలకు ముందు ఈ కాగితం చూడాలని మా అమ్మే అంటోంది.

జూన్

మెల్‌బోర్న్‌లో ఉన్న చెల్లి విటమిన్ డీ 52 అని పంపితే, నా 14 చూసి ఇంట్లో అందరూ దాన్ని మెచ్చుకున్నారు. అక్కడి యూనిట్ లీటరుకు నానోమోల్, మనది మిల్లీలీటరుకు నానోగ్రామ్. 2.5తో భాగిస్తే 20.8, అంటే లోపం గీత అయిన 20కి కాస్త పైన. విదేశాల్లోని మీవాళ్ల రిపోర్టు మీ రిపోర్టు పక్కన పెట్టేముందు యూనిట్ చూసుకోండి.

అత్తయ్య చాలా ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. అది బీ12ను తగ్గిస్తుంది. అరికాళ్ల తిమ్మిర్లు షుగర్ వల్లే అనుకున్నాం, చూస్తే బీ12 190. ఇంజెక్షన్లు మొదలయ్యాయి.

ఆగస్టు

నా హిమోగ్లోబిన్ 12.9, ఆర్‌డీడబ్ల్యూ 14.2, ఫెరిటిన్ 31. హిమోగ్లోబిన్ నార్మల్‌కు వచ్చినా నిల్వలు నిండడానికి ఇంకో మూడు నెలలు మాత్ర వాడమన్నారు. ఇంకో సంగతి, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ ఫిబ్రవరిలో 5.9, ఇప్పుడు 5.6. తిండిలో అన్నం ఏమీ తగ్గించలేదు. ఐరన్ లోపం ఉంటే ఆ అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపించగలదు. ప్రీడయాబెటిస్ (షుగర్ జబ్బుకు ముందు మెట్టు) అని కంగారు పడేముందు ఫెరిటిన్ కూడా చూడమని డాక్టరును అడగండి.

నవంబరులో మళ్లీ సీబీసీ (రక్తకణాల పూర్తి లెక్క), ఫెరిటిన్, సీఆర్‌పీ, విటమిన్ డీ. అదే ల్యాబ్‌లో, పొద్దున్నే పరగడుపున, ఆ రోజు ఐరన్ మాత్ర వేసుకోకుండా. మా ఆడపడుచు జుట్టు కోసం బయోటిన్ వాడుతోంది. తను థైరాయిడ్ పరీక్షకు రెండు రోజుల ముందే అది ఆపాలి, లేకపోతే ఫలితం తప్పుగా రావచ్చు. తన వరుస కూడా అప్పుడే మొదలుపెడతాను.