అచ్చం అలాగే ఉన్న కార్డు

రాత్రే గుంటూరు నుంచి వచ్చాను. కోపం ఇంకా చల్లారలేదు.

విజయవాడ కార్యాలయంలోని ఎక్స్ఛేంజి నుంచి గుంటూరు మిర్చి గోదాముకు ఒకే లైను మీద 30 ఫోన్లు నడిపే మల్టీప్లెక్సర్ అది. ఒక్కో గొంతును సెకనుకు 8000 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 8 బిట్లుగా మారుస్తుంది. అంటే ఫోనుకు సెకనుకు 64 కిలోబిట్లు. ఇలాంటి టైమ్‌స్లాట్లు, అంటే వంతులవారీగా వచ్చే సమయపు ముక్కలు, 32. ముప్పై మాటలకు, ఒకటేమో రెండు చివరల లయ కలపడానికి, ఒకటి గంట మోగించడం వంటి సంకేతాలకు.

ఆరు ఫోన్లు మూగబోయాయని కబురు వచ్చింది. మా పెట్టెలో కార్డుకు ఆరు ఛానళ్లు, అంటే ఆరు ఫోన్ల దారులు. అన్నిటికీ ఉమ్మడిగా ఉండే కార్డు పోతే ముప్పైయీ ఆగేవి. కాబట్టి ఛానల్ కార్డే.

చీటీ మీద కార్డు కోడ్ అక్షరం పొల్లుపోకుండా రాసి ఆటోనగర్ స్టోరులో ఇచ్చాను. స్టోరాయన చీటీ వైపు చూడనే లేదు. "ఆరు ఛానళ్ల కార్డే కదా" అని అరలోంచి తీసిచ్చాడు. సీలు అక్కడ విప్పకూడదట.

గోదాములో పాత కార్డు లాగితే అంచున ఎర్రటి కారం దుమ్ము. కొత్తది చక్కగా కూర్చుంది, పచ్చ దీపం వెలిగింది. ఫోన్లు మాత్రం పలకలేదు. హమాలీలందరి ముందు మేనేజరు, "కార్డు మార్చడం కూడా రానివాణ్ణి పంపారా?" అన్నాడు. పదిహేడేళ్లుగా ఈ పని చేస్తున్నాను. నోట మాట రాలేదు.

మీటరు తీసి పక్క కార్డు తీగలు కొలిచాను: 48 వోల్టులు. నాదాంట్లో సున్నా. అప్పుడు కోడ్ చూస్తే చివరి అక్షరం వేరు. అది ఎక్స్ఛేంజి వైపు కార్డు. గంట కోసం ఎదురుచూస్తుందే తప్ప ఫోనుకు కరెంటు ఇవ్వదు. రెండు కార్డుల సైజు ఒకటే, కనెక్టరు ఒకటే. ఏ కార్డైనా ఏ గాడిలోనైనా దూరేలా చేసినవాళ్లు, తప్పు కార్డు దూరకుండా ఒక చిన్న పిన్ను పెట్టి ఉండాల్సింది.

మళ్లీ బస్సు, మంగళగిరి, ఎండ. ఈసారి పాత కార్డు చంకలో పెట్టుకుని వెళ్లాను. స్టోరు బల్ల మీదే సీలు విప్పాను. ఆయన అరిచాడు, నేను కదల్లేదు. మీరూ అలాగే చేయండి, నోటిమాట నమ్మకండి.

సరైన కార్డు పెట్టడానికి పట్టింది నాలుగు నిమిషాలు. మిగతా 24 ఫోన్లలో ఒక్క మాట కూడా తెగలేదు. కాటా గదిలో ఫోను మోగినప్పుడు మేనేజరే ఎత్తాడు. నాతో మాత్రం ఏమీ అనలేదు.

తిరిగొచ్చిన తప్పు కార్డును స్టోరాయన అదే అరలో పెట్టబోయాడు. ఆపి, కవరు మీద పెద్ద అక్షరాలతో "ఎక్స్ఛేంజి వైపు" అని నా పెన్నుతోనే రాశాను.