పాలమూరు కోర్టులో కాలేజీ పేరు ఎంతవరకు పనికొస్తుంది: నా అనుభవం

మహబూబ్‌నగర్ కోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా ఒక్క క్లయింటు కూడా నన్ను "ఏ కాలేజీల సదివినవ్" అని అడగలేదు. "ఏ ఊరు బిడ్డా", "ఏ సార్ ఆఫీసుల చేస్తున్నవ్". ఈ రెండే అడుగుతారు. అదే హైదరాబాద్‌లో ఉద్యోగానికి పోతే మొదటి ప్రశ్న కాలేజీ గురించే, చాలాసార్లు అదే చివరి ప్రశ్న కూడా. లాసెట్ (రాష్ట్ర లా ఎంట్రన్సు) రాసే పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు ఈ సంగతి గురించి నన్ను తరచూ అడుగుతుంటారు. అందుకే నాకు ఎదురైంది ఎదురైనట్టు రాస్తున్నాను.

మాది కల్వకుర్తి దగ్గర ఊరు. నాన్న ఊరి రెవెన్యూ సహాయకుడిగా (వీఆర్ఏ) పనిచేశాడు. క్లాట్ అనే జాతీయ స్థాయి లా ఎంట్రన్సు ఉందని, అది రాస్తే శామీర్‌పేటలోని నల్సార్ అనే నేషనల్ లా యూనివర్సిటీలో చేరొచ్చని ఇంటర్లో నాకెవరూ చెప్పలేదు. చెప్పినా పెద్ద తేడా ఉండేది కాదేమో. మొత్తం ఇంగ్లిష్‌లో ఉండే ఆ పరీక్షకు కోచింగ్, ఆ తర్వాత ఏటా లక్షల్లో ఫీజు, మా ఇంట్లో ఎవరి లెక్కకూ అందేవి కావు. డిగ్రీ అయ్యాక లాసెట్ రాశాను. 120 ప్రశ్నలు, గంటన్నర, ప్రశ్నలు తెలుగులోనూ ఉంటాయి. నా ర్యాంకుకు ఓయూ కాలేజీలో సీటు రాలేదు. నగర శివారులోని ఒక ప్రైవేటు కాలేజీలో మూడేళ్ళ ఎల్ఎల్‌బీ చేశాను.

ఆ కాలేజీకి మంచి పేరు లేదు. పాఠాలు చెప్పరని కాదు, కాంట్రాక్ట్స్ చెప్పిన సార్, క్రిమినల్ లా చెప్పిన మేడం ఎక్కడికి పోయినా నిలబడగలవాళ్ళు. కానీ సగం బెంచీలు ఎప్పుడూ ఖాళీ. ఉద్యోగాలు చేసుకుంటూనో, ప్లాట్లు అమ్ముకుంటూనో పరీక్షలప్పుడు మాత్రమే కనిపించేవాళ్ళు ఎక్కువ. రోజూ పోయిన మాకు కూడా వాళ్ళ పేరే వచ్చింది.

చదువు అయ్యాక మొదట హైదరాబాద్‌లోనే ప్రయత్నించాను. లా ఫర్మ్‌లకు రెజ్యూమె పంపితే జవాబు ఉండదు. ఒకచోట మాత్రం తెలిసినాయన మాట మీద లోపలికి పిలిచారు. బంజారాహిల్స్‌లో ఆఫీసు. అక్కడి మేడం మూట్ కోర్టు (ఉత్తుత్తి కేసు మీద వాదించే) పోటీలు, ఇంటర్న్‌షిప్‌లు, ఏదైనా జర్నల్లో వ్యాసం, ఇవన్నీ వరసగా అడిగింది. మా కాలేజీలో మూట్ అంటే సిలబస్‌లో ఉంది కాబట్టి మార్కుల కోసం ఒక పూట నడిపించేది. ఆమె మర్యాదగానే మాట్లాడింది, చాయ్ కూడా తెప్పించింది. లేచేటప్పుడు ఉన్న సంగతి చెప్పేసింది. "మేం బయటి నుంచి పెద్దగా తీసుకోమమ్మా. మా దగ్గర ఇంటర్న్‌షిప్ చేసిన నేషనల్ లా స్కూల్ పిల్లల్లోంచే తీసుకుంటాం."

దీన్ని ఒక్క మాటలో అన్యాయం అని కొట్టేయలేను. వాళ్ళ పనంతా ఇంగ్లిష్ కాంట్రాక్టుల మీద నడుస్తుంది. ఐదేళ్ళు అదే రాసి, ఏటా ఏదో ఒక ఫర్మ్‌లో కూర్చుని పని చూసినవాళ్ళు మొదటి రోజే చేతికి అందుతారు. పైగా ఆ ఆఫీసులో పార్ట్‌నర్లు కూడా ఆ కాలేజీల నుంచి వచ్చినవాళ్ళే. నాకు మింగుడుపడనిది ఒకటే. పదిహేడేళ్ళప్పుడు రాసిన ఒక ఎంట్రన్సు, పాతికేళ్ళప్పుడు నువ్వేం చేయగలవో అడిగే అవసరం కూడా లేకుండా చేస్తుంది.

జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీలో లీగల్ ఎగ్జిక్యూటివ్ పోస్టుకు కూడా పోయాను. పని అంతా కాంట్రాక్టు లేబర్ రిజిస్టర్లు, ఫ్యాక్టరీ రిటర్నులు. జీతం పర్వాలేదు. అయితే పూర్తికాలం జీతానికి ఉద్యోగం చేస్తూ వకీలుగా ప్రాక్టీసు చేయడానికి బార్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకోవు. సనదు, అంటే ప్రాక్టీసు లైసెన్సు, పక్కన పెట్టాల్సి వస్తుంది. అప్పటికింకా ఎన్‌రోల్ కూడా కాలేదు, అప్పుడే పక్కన పెట్టడమేంటని వద్దనుకున్నాను.

2022లో హైకోర్టు ఆవరణలోని బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయ్యాను. అప్పుడు కట్టింది వేలల్లో. 2024 జులై 30న సుప్రీంకోర్టు ఎన్‌రోల్‌మెంట్ ఫీజు 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలు దాటకూడదని తేల్చింది. అంతకుముందు వసూలు చేసింది వెనక్కి ఇవ్వక్కర్లేదని కూడా ఆ తీర్పే చెప్పింది కనుక మా బ్యాచ్‌కు దక్కింది ఏమీ లేదు. ఇప్పుడు చేరేవాళ్ళు అదృష్టవంతులు. ఆ తర్వాత ఏఐబీఈ, అంటే ఎన్‌రోల్ అయినవాళ్ళు రాయాల్సిన ఆలిండియా బార్ పరీక్ష. 100 ప్రశ్నలు, నోట్సు రాయని బేర్ యాక్ట్‌లు (వ్యాఖ్యానం లేని చట్టం పుస్తకాలు) లోపలికి తీసుకుపోవచ్చు. నల్సార్ అయినా మా కాలేజీ అయినా పేపరు ఒకటే, సర్టిఫికెట్ ఒకటే.

ఇక సీనియర్ దొరకాలి. మా మండలం భూముల కేసులు చాలావరకు చూసే సార్ ఒకాయన మహబూబ్‌నగర్‌లో ఉన్నారు, నాన్న వెంటబెట్టుకుని పోయాడు. సార్ ఊరు అడిగారు, ఇంటిపేరు అడిగారు. తర్వాత కాలేజీ పేరు విని కళ్ళద్దాలు తీశారు. "అదా? పోయి సదివినవా, పరీక్షలకే పోయినవా?" క్లయింట్లు అడగకపోయినా సీనియర్లకు కాలేజీల జాతకాలన్నీ తెలుసు. అయితే ఇక్కడ ఆ పేరు తలుపు మూయదు, ఒక అనుమానం పెడుతుంది. ఆ అనుమానం అక్కడికక్కడే తీర్చుకోవచ్చు.

ఇంజంక్షన్ సూట్‌లో, అంటే మన భూమి జోలికి రావద్దని ఆర్డరు అడిగే దావాలో, ఏం రుజువు చేయాలని అడిగారు. సూట్ వేసిన రోజున భూమి మన కబ్జాలో ఉందని చెప్పాలన్నాను. "మరి దేనితో చూపిస్తవ్?" అంటూ బల్ల మీది కట్టలోంచి ఒక జిరాక్సు తీసి నా ముందు పెట్టారు. 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఏ భూమి ఎవరి పేరు మీద, ఎవరి కబ్జాలో ఉందో రాసిన పాత రికార్డు. పట్టాదార్, కబ్జేదార్, శికం, ఖుష్కి, తరి, ఆ మాటలన్నీ నేను చిన్నప్పటి నుంచి ఇంట్లో విన్నవే. నాన్న తహసీల్ ఆఫీసుకు మోసే కాగితాల్లో సేత్వార్ ఏది, చేసాలా పహాణీ ఏది, ఆ పాత భూరికార్డులన్నీ నాకు తెలుసు. సర్వే నంబరు ఎలా చీలిందో వేలు పెట్టి చూపించాను. సార్ నాన్న వైపు తిరిగి "సోమవారం నుంచి పంపియ్" అన్నారు. మూడేళ్ళ ఎల్ఎల్‌బీలో ఆ పేజీ ఎవరూ చెప్పలేదు. నల్సార్‌లో చదివినా ఆ రోజు నన్ను కాపాడేది అదే కాగితం. 2020లో ధరణి అనే భూరికార్డుల పోర్టల్ వచ్చాక రికార్డులో అనుభవదారు కాలమ్ పోవడంతో కబ్జా మీద కొట్లాట వచ్చిన ప్రతిసారీ పాత పహాణీలే వెతకాల్సి వచ్చింది. అవి చదవగలిగిన జూనియర్‌కు ఇక్కడ గిరాకీ ఉంటుంది.

జూనియర్‌గా నా పని ఇది: పొద్దున కేసు పిలిచినప్పుడు హాజరు చెప్పే కాల్ వర్క్, సార్ వచ్చేదాకా కేసు కాసేపు ఆపమని పాస్‌ఓవర్లు అడగడం, రిటర్న్ అయిన ఫైళ్ళు సరిచేసి మళ్ళీ వేయడం, కాపీ అప్లికేషన్లు. సాయంత్రం ఆఫీసులో కక్షిదారులు చెప్పేది వినడం. 44వ నంబరు హైవే మీద ప్రమాదాల క్లెయిములు, చెక్ బౌన్సులు, అన్నదమ్ముల పంపకాలు, భరణం కేసులు. ముసలాయన గంటసేపు చెప్పిన కథలో దావాకు పనికొచ్చే నాలుగు ముక్కలు పట్టుకుని ఇంగ్లిష్‌లో ప్లెయింట్ (దావా పత్రం) రాయాలి. ఇది వచ్చినవాళ్ళను సీనియర్లు వదులుకోరు. మొదట్లో నన్ను చూసి "సార్ లేడా?" అని వెనక్కి తిరిగిన ఆడవాళ్ళే తర్వాత భరణం కేసులకు "వకీలమ్మ ఎక్కడ" అని వెతుక్కుంటూ వచ్చారు.

డబ్బు సంగతి చెప్పకుండా ఈ రాత పూర్తి కాదు. సార్ నెలనెలా ఇచ్చేది బస్సుకు, మధ్యాహ్నం తిండికి సరిపోయేది. హాస్టల్ అద్దె ఇంటి నుంచే. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు నెలకు పట్టణాల్లో 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇవ్వాలని సర్క్యులర్ ఇచ్చింది. సిఫారసే, తప్పనిసరి కాదు. మా వాట్సాప్ గ్రూపులో ఎవరో దాన్ని పెట్టారు. జూనియర్లంతా బొటనవేళ్ళు చూపించారు, సీనియర్లెవరూ ఆ మెసేజి చూసినట్టు లేరు. జిల్లా కోర్టులో కాలేజీ పేరు అడ్డు రాదన్నది నిజమే. కానీ మొదటి మూడేళ్ళు ఇంట్లోంచి అన్నం వచ్చేవాళ్ళే ఇక్కడ నిలబడతారు. కాలేజీ పేరు కంటే ఆ జల్లెడ సన్నది. నాతో పాటు ఎన్‌రోల్ అయి, నాకంటే బాగా సాక్షులను క్రాస్ ఎగ్జామిన్ చేసే అబ్బాయి ఒకడు చెల్లె పెళ్ళి అప్పు కోసం నల్ల కోటు విడిచి షాద్‌నగర్ దగ్గర సూపర్‌వైజర్‌గా చేరాడు.

పెద్ద కాలేజీ పేరు ఇక్కడ ఎదురుతిరగడం కూడా చూశాను. వనపర్తి అబ్బాయి, నేషనల్ లా యూనివర్సిటీలో చదివినవాడు, తండ్రికి బాగాలేక ఇంటికి వచ్చి మా కోర్టు బార్‌లో (వకీళ్ళ సంఘంలో) చేరాలనుకున్నాడు. ముగ్గురు నలుగురు సీనియర్లు నవ్వుతూనే దాటేశారు. "ఈ పిలగాడు ఉంటడా? పని నేర్పినంక హైదరాబాద్ పోతడు." చివరికి ఒకాయన తీసుకున్నారు. మొదట్లో తెలుగులో సాక్షిని అడగడానికి తడబడ్డాడు. అయితే రెవెన్యూ ఆర్డర్ల మీద హైకోర్టుకు రిట్ రాయాలంటే ఇప్పుడు సగం బార్ అతని దగ్గరికే పోతుంది. హైవే పొడవునా భూములు కొన్న నగరం వాళ్ళు, అమెరికాలో ఉన్నవాళ్ళు వచ్చినప్పుడు అడిగేది మాత్రం అతని కాలేజీయే. డబ్బున్న క్లయింటుతో పాటు ఆ ప్రశ్న కూడా హైదరాబాద్ నుంచి బస్సెక్కి వస్తుంది. ఎదురుగా కూర్చున్న నాకు అప్పుడప్పుడు కడుపు మండేది, అబద్ధమెందుకు.

నాకు మొదటి స్థిరమైన ఆదాయం జిల్లా న్యాయసేవాధికార సంస్థ నుంచి వచ్చింది. వకీలును పెట్టుకోలేని ముద్దాయిల తరఫున వాదించడానికి లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ ఆఫీసులు పెట్టారు. అందులో చీఫ్‌కు పదేళ్ళు, డిప్యూటీకి ఏడేళ్ళు అనుభవం కావాలి, అసిస్టెంట్‌కు మూడేళ్ళ లోపు వాళ్ళు కూడా సరిపోతారు. కాంట్రాక్టు పని, ప్రైవేటు కేసులు తీసుకోకూడదు. ఇంటర్వ్యూలో జడ్జిగారు అడిగిన ప్రశ్న గుర్తుంది. 60 రోజుల్లో ఛార్జిషీటు వేయాల్సిన కేసులో గడువు దాటింది, కాగితం రాలేదు, ఏం చేస్తావు? ఛార్జిషీటు లోపలికి రాకముందే బెయిల్ పిటిషన్ వేస్తాను, అది వచ్చాక వేస్తే గడువు దాటినందుకు బెయిల్ అడిగే హక్కు పోయినట్టే అన్నాను. దరఖాస్తులో కాలేజీ పేరుకు ఒక గడి ఉంది. దాని గురించి గదిలో మాట రాలేదు.

2025 మే 20న సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ళ ప్రాక్టీసు మళ్ళీ తప్పనిసరి చేసింది. కాలేజీ నుంచి నేరుగా కోచింగ్‌కు పోయి పరీక్ష రాసే దారి మూతపడింది. పెద్ద కాలేజీ వాళ్ళయినా మూడేళ్ళు ఎవరో ఒక సీనియర్ వెనకాల నిలబడాల్సిందే. ఇది న్యాయమా అంటే, మా ఇంటివాళ్ళు పోషించినట్టు మూడేళ్ళు పోషించలేని ఇళ్ళ పిల్లలకు, ముఖ్యంగా పెళ్ళి తొందర ఉన్న ఆడపిల్లలకు దెబ్బే. నాకు మాత్రం కలిసొచ్చింది. అదే ఏడాది పోలీసు నియామక మండలి 118 ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) పోస్టులకు ఇచ్చిన నోటిఫికేషన్‌కు కూడా మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలి. దరఖాస్తు చేశాను.

మా మేనమామ కొడుకు ఇంటర్ రెండో ఏడు. లా చదువుతానంటున్నాడు. హైదరాబాద్ ఫర్మ్‌లో చేయాలనుంటే ఇప్పుడే క్లాట్ పుస్తకం కొను, తర్వాత కొన్నా లాభం లేదన్నాను. ఇక్కడ కోర్టులో చేయాలనుంటే లాసెట్ చాలు, హాజరు వేసే కాలేజీ చూసుకో, సెలవుల్లో మా సార్ ఆఫీసుకు రా అన్నాను. మామ మధ్యలో కల్పించుకుని "మరి జీతం ఎప్పటి నుంచి వస్తది బిడ్డా?" అని అడిగాడు. నేను నా ఖర్చుల లెక్క రాసుకున్న పుస్తకం తెచ్చి మొదటి ఏడాది పేజీలు చూపించాను. వాళ్ళింకా ఏమీ తేల్చుకోలేదు.