వైఫై పాస్‌వర్డ్ మార్చారు సరే, రౌటర్ పాస్‌వర్డ్?

బెంగళూరు మారతహళ్లిలో మన తెలుగు కుర్రాళ్లు ఉండే ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా ఫోన్‌లో వైఫై ఆన్ చేస్తే, పక్క ఫ్లాట్లవీ కింద పీజీవీ కలిపి పేర్ల లిస్టు కిందికి జరుపుతూనే ఉండాలి. మనకి వాళ్లవి కనిపిస్తున్నాయంటే వాళ్లకీ మనవి కనిపిస్తున్నట్టే కదా.

చాలామంది పాస్‌వర్డ్‌గా ఫోన్ నంబరే పెట్టేస్తారు. పది అంకెలు, మొదటిది 6 నుంచి 9 లోపే. మీ ఫోన్ వైఫైకి కలిసే క్షణంలో నడిచే సంకేతాలను పట్టుకున్నవాడు, తన ఇంట్లో కూర్చుని గ్రాఫిక్స్ కార్డు మీద ఆ నంబర్లన్నీ వరసగా వేసి చూసుకోవచ్చు, అదేం పెద్ద పని కాదు. పొడుగ్గా, మీకు మాత్రమే తట్టే నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి పెట్టండి.

అసలు నా బాధ రెండో పాస్‌వర్డ్ గురించి, అంటే రౌటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లడానికి అడిగేది. బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టండి (కొన్నింటికి 192.168.0.1, రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది). యూజర్‌నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ అడ్మిన్ అంటే తెరుచుకుందా? అయితే మీ వైఫైలో ఉన్న ఎవరైనా లోపలికెళ్లి డీఎన్ఎస్ (మీరు కొట్టిన సైట్ పేరు ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పేది) మార్చేయొచ్చు, అప్పుడు మీరు బ్యాంకు అడ్రస్ సరిగ్గా టైప్ చేసినా దొంగ పేజీకి పోవచ్చు. బ్రౌజర్ హెచ్చరిస్తే దయచేసి అక్కడే ఆగండి. 2016లో మిరాయ్ మాల్వేర్ లక్షల కెమెరాలూ రౌటర్లూ పట్టుకున్నది ఇలా మార్చకుండా వదిలేసిన ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లతోనే.

లోపలికి వెళ్లారు కాబట్టి డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో వైఫైకి కలిపేది) కూడా ఆపేయండి. దాని పిన్ ఎనిమిది అంకెలే అయినా రౌటర్ దాన్ని రెండు ముక్కలుగా సరిచూస్తుంది, చివరి అంకె మిగతా వాటి నుంచి లెక్కకట్టేదే, అందుకే మొత్తం 11,000 ప్రయత్నాలు చాలు. ఇది 2011లోనే బయటపడింది. రిమోట్ మేనేజ్‌మెంట్ (బయటి ఇంటర్నెట్ నుంచి రౌటర్ సెట్టింగ్స్ తెరవనిచ్చేది) ఆఫ్, వైఫై సెక్యూరిటీ రకం డబ్ల్యూపీఏ3 లేదా కనీసం డబ్ల్యూపీఏ2 పెట్టండి, ఫర్మ్‌వేర్‌కి (రౌటర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉంటే వేసేయండి. చుట్టాలకీ, స్మార్ట్ టీవీకీ గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వండి.

ఇల్లు మారుతూ రౌటర్ వెనక్కి ఇచ్చేస్తుంటే రీసెట్ చేసి ఇవ్వండి. మీతోనే తీసుకెళ్తుంటే రీసెట్ చేశాక పాత ఫ్యాక్టరీ పాస్‌వర్డే మళ్లీ వస్తుంది, ముందు అది మార్చాకే ఫోన్లు కలపండి.