వంట బండి రాని పూట థకాలీ భోజనం

నేపాల్లోని ముక్తినాథ్ వెళ్ళే మన తెలుగు యాత్రలన్నిటికీ ఒక పద్ధతి ఉంటుంది, బస్సు ముందు పోతుంటే వెనకాల వంట బండి వస్తుంది. బియ్యం, కందిపప్పు, చింతపండు, ఆవకాయ, గ్యాస్ సిలిండర్లు, వంట మాస్టరు, హెల్పర్లు అంతా అందులోనే. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పప్పు సాంబారు, రాత్రికి చపాతీ. పెద్దవాళ్ళు టూర్ బుక్ చేసేముందు అడిగే మొదటి ప్రశ్న కూడా "వంట మనవాళ్ళదేనా" అనే, మా అమ్మ కూడా అదే అడిగింది. నాకేమో ఇంకో దేశం దాకా పోయి అక్కడి మెతుకు ఒక్కటి కూడా నోట్లో పెట్టకుండా తిరిగొచ్చేయడం ఏం యాత్రో అర్థం కాదు, కానీ కడపలో పుట్టిన అమ్మతో తిండి దగ్గర వాదన పెట్టుకునే ధైర్యం నాకు లేదు.

గోరఖ్‌పూర్ దాకా ట్రైన్, అక్కడి నుంచి సోనౌలి బోర్డర్ దాటి పోఖరా, ఇదంతా అందరూ రాసేదే కాబట్టి వదిలేస్తున్నా. పోఖరా నుంచి పైకి చిన్న బండ్లు. బేని దాటిందగ్గర్నుంచి రోడ్డు అనేది పేరుకే, ఒక పక్క కొండ, ఇంకో పక్క కింద ఎక్కడో కాళీ గండకీ, సాలగ్రామాలు దొరికే నది ఇదేనని తెలిసి బండ్లలో ఉన్న మామ్మలందరూ కిటికీల్లోంచే దండాలు. రుప్సే జలపాతం దగ్గర ఫోటోలయ్యాక ఘాసా వైపు ఎక్కుతుంటే మా బండ్లు రెండూ దాటేసిన చోట వెనకాల రాళ్ళు పడ్డాయి. ఎవరికీ ఏమీ కాలేదు గానీ వంట బండి అవతల ఇరుక్కుపోయింది. ఫోన్ చేస్తే జేసీబీ వస్తోందంట, సాయంత్రం అవుతుందంట. కలోపానీ చేరేసరికి రెండు దాటింది, రెండు బండ్లలో కలిపి ముప్పై మందికి పైగా, అందులో సగం మంది షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు, బిస్కెట్ ప్యాకెట్లు అప్పటికే అయిపోయాయి.

మా గైడ్ నేపాలీ కుర్రాడు, వాడికిదంతా మామూలే అన్నట్టు నేరుగా రోడ్డు పక్కన ఒక థకాలీ లాడ్జి, అంటే అక్కడి థకాలీ తెగవాళ్ళు నడిపేది, దాని ముందు ఆపించి ఇంటావిణ్ణి "దిదీ", అంటే అక్కా, అంటూ లోపలికెళ్ళిపోయాడు. ఆ వంటగది చూశాక అప్పటిదాకా ముఖాలు చిట్లించుకున్న మా ఆడవాళ్ళందరూ కాస్త మెత్తబడ్డారు, ఎందుకంటే గోడ పొడవునా చెక్క అలమారల్లో ఇత్తడి గిన్నెలు, రాగి బిందెలు, కంచు కంచాలు సైజుల వారీగా తళతళలాడుతూ పేర్చి ఉన్నాయి, మట్టితో అలికిన పొయ్యి, నేల మీద ఒక్క మరక లేదు. "మన ఇంట్లో కూడా ఇంత శుభ్రం లేదు" అని ఒకావిడ పైకే అనేసింది. పొయ్యి మీద దండెం లాంటిదానికి ఎండు మాంసం వేలాడుతోంది, అది నేనూ గైడూ చూశాం, మిగతావాళ్ళ కంట పడకముందే దిదీ దాన్ని ఎక్కడికో తీసేసింది.

ఇంతమందికి ఒక్కసారి వండాలంటే టైమ్ పడుతుంది కదా, పైగా ఆ ఎత్తులో నీళ్ళు తక్కువ వేడికే మరిగిపోతాయి, అన్నం ఓ పట్టాన ఉడకదు, అందుకే పెద్ద పెద్ద కుక్కర్లు వరసగా ఎక్కించారు. ఉల్లి వెల్లుల్లి వద్దనేసరికి అప్పటికే చేసిన ఆలూ కూర పక్కన పెట్టి మళ్ళీ చేసింది పాపం, ఒక్క మాట విసుక్కోలేదు. ఆ గంటలో నేను పొయ్యి పక్కనే కూర్చుని దిదీ వాళ్ళాయనతో వచ్చీరాని హిందీలో కబుర్లు. థకాలీలు ఈ లోయ వాళ్ళే, పైన టుకుచే, కోబాంగ్, మార్ఫా ఇవన్నీ వాళ్ళ ఊళ్ళు. ఒకప్పుడు టిబెట్ నుంచి ఉప్పు, ఉన్ని ఈ దారినే కంచరగాడిదల మీద దిగేవి, కింద నుంచి ధాన్యం ఎక్కేది, మధ్యలో వ్యాపారమంతా వీళ్ళ చేతుల్లో, దారి పొడవునా బాటసారులకి సత్రాలు కూడా వీళ్ళవే. ఇంతలో 1959 తర్వాత టిబెట్ వైపు రాకపోకలు బిగుసుకున్నాయి, కింద నుంచి మన ఇండియా ఉప్పు చవగ్గా రావడం మొదలైంది, దాంతో చాలా కుటుంబాలు పోఖరాకీ ఖాట్మండూకీ దిగిపోయి తెలిసిన పనే చేసుకున్నాయి, అంటే వచ్చినవాళ్ళకి అన్నం పెట్టడం. ఇవాళ నేపాల్లో ఏ ఊరెళ్ళినా థకాలీ భాన్సా ఘర్, అంటే థకాలీ వంటిల్లు, అనే బోర్డు కనిపిస్తుందంటే కారణం ఇదే.

సరే కంచాలు వచ్చాయి. మధ్యలో తెల్లన్నం, చుట్టూ చిన్న గిన్నెల్లో పప్పు, ఆవాకు కూర, ఆలూ, ముల్లంగి పచ్చడి, గుంద్రుక్ అనే పులియబెట్టిన ఆకుకూర, కాల్చిన టమాటా పచ్చడి, ఒక అప్పడం, పైన నెయ్యి. పప్పు మాత్రం చెప్పుకోవాలి. పొట్టు తీయని మినుములు, ఇనప మూకుట్లో ఉడికించేసరికి ఇంకా నల్లబడి చిక్కగా ఉంది, ఆఖర్న నెయ్యి కాచి అందులో ఎండుగడ్డి పోచల్లాంటివి చిటికెడు వేసింది, క్షణంలో నల్లగా మాడినట్టయి గుప్పుమని వాసన, ఇంగువా కాదు వెల్లుల్లీ కాదు, రెండిటికీ మధ్యలో ఏదో. జింబు అంటారు, ముస్తాంగ్ వైపు ఎత్తుల్లో పెరిగేది, కోసి ఎండబెట్టి ఏడాదంతా వాడుకుంటారు. ఇక్కడే చిక్కొచ్చి పడింది, ఒకాయన ఫోన్లో వెతికి అది ఉల్లి జాతి మొక్కేనని తేల్చేశాడు. ముప్పై చేతులు కంచాల మీదే ఆగిపోయాయి. మా గ్రూపులో రిటైర్డ్ తెలుగు మాస్టారొకరున్నారు, నియమాల విషయంలో అందరూ ఆయన మాటే వినేది. ఆయన ఒక స్పూను పప్పు వాసన చూసి, నాలిక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, "హిమాలయాల్లో దొరికేది మూలిక అవుతుంది గానీ ఉల్లిపాయ ఎందుకవుతుందండీ" అని తీర్పిచ్చేసి అన్నంలో కలిపేసుకున్నారు. అంతే, ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

దిదీ, వాళ్ళ కూతురు బకెట్లు పట్టుకుని తిరుగుతూనే ఉన్నారు, కంచంలో ఖాళీ కనిపిస్తే చాలు "భాత్? దాల్?" అని వేసేయడమే. అన్నం, పప్పు, కూర ఎన్నిసార్లైనా అదే రేటు, మాంసం తీసుకుంటే మాత్రం వేరే లెక్క. ఆ టమాటా పచ్చడిలో టిమ్మూర్ అని ఒక రకం మిరియం వేస్తారు, నిమ్మ వాసన వస్తూ కాసేపటికి నాలిక జివ్వుమని తిమ్మిరెక్కుతుంది, కారం అంటే మాకేం భయం అన్న గుంటూరు ఆయన ఒకరు మూడు ముద్దల తర్వాత మంచినీళ్ళు తాగి "నీళ్ళకి కూడా ఏదో రుచొచ్చిందేంటి" అని అనుమానంగా గ్లాసులోకి చూసుకోవడం ఇప్పటికీ గుర్తొస్తే నవ్వొస్తుంది. గుంద్రుక్ మాత్రం మావాళ్ళలో సగం మందికి ఎక్కలేదు, ఆకుకూరని పులియబెట్టి ఎండబెడతారు కదా, ఆ వాసన అలవాటు లేనివాళ్ళకి కాస్త కష్టమే. నాకు నచ్చింది, గోంగూర పులుపులా ముందుకొచ్చి కొట్టదు, తిన్నాక నెమ్మదిగా తెలుస్తుంది.

బిల్లు దగ్గర మళ్ళీ చిన్న సభ. అక్కడ మన నోట్లని ఐసీ అంటారు, వాళ్ళవి ఎన్సీ, మన వందకి వాళ్ళవి నూట అరవై, 1993 నుంచీ ఇదే లెక్క. రేటు ఎన్సీలో చెబితే మావాళ్ళు ఐసీ అనుకుని బేరం మొదలెట్టారు, గైడు అడ్డుపడి లెక్క చెప్పాక మనిషికి మన డబ్బుల్లో మూడొందల లోపే అని తేలింది. అయినా ఒకావిడ గ్రూపు కదా తగ్గించమంది! వాళ్ళు వండిన కూర పక్కనబెట్టి రెండోసారి వండారమ్మా అని మాస్టారే ఆవిణ్ణి ఆపారు.

దర్శనం బాగా జరిగింది, 108 ధారల కింద తల పెట్టి పరిగెత్తినవాళ్ళు పరిగెత్తారు, నేను నీళ్ళు చల్లుకుని సరిపెట్టుకున్నా. తిరుగు దారిలో జోమ్సోమ్ దగ్గర మధ్యాహ్నం గాలి మనిషిని తోసేస్తుంది, అందుకే అక్కడ విమానాలు పొద్దున్నే తిరిగేస్తాయి. మార్ఫాలో యాపిల్ తోటల కోసం ఆపితే అందరూ షాపులకి పోయారు, నేను అమ్మని ఒక చిన్న ఇంటి హోటల్లోకి తీసుకెళ్ళి ఢిడో అనే పిండి ముద్ద ఆర్డర్ చెప్పాను. వంట బండి వచ్చేసింది కాబట్టి అమ్మకి అసలు రావడమే ఇష్టం లేదు, "అక్కడ పులిహోర చేస్తాండారంట" అంటానే వచ్చింది.

పొయ్యి మీద నీళ్ళు మరుగుతుంటే ఆ ముసలావిడ ఫాపర్ పిండి, అంటే బక్‌వీట్, గుప్పిళ్ళతో పోస్తూ చెక్క తెడ్డుతో కలుపుతోంది, గిన్నె కదలకుండా నొక్కిపెట్టి, ఒళ్ళంతా ఊపుతూ. అమ్మ కుర్చీలోంచి లేచిపోయింది. "ఇది సంగటి గెలకడమే కదరా" అని నేరుగా పొయ్యి దగ్గరికి. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఆవిడ నవ్వి తెడ్డు ఇచ్చేసింది, మా అమ్మ ఆ వయసులో కూచుని నాలుగు తిప్పులు తిప్పి, అంచున కాస్త చిదిమి చూసి, ఇందులో నూక వెయ్యరు కాబట్టి రోంత జిగురు ఎక్కువని నాకు తెలుగులో, ఆవిడకి చేతుల్తో చెప్పింది. తినడం కూడా మన పద్ధతే, ముద్ద తుంచి గుంతలా నొక్కి గుంద్రుక్ పులుసులో ముంచి నమలకుండా మింగేయడమే. కలోపానీలో గుంద్రుక్ గిన్నె పక్కకి నెట్టేసిన మనిషి ఇక్కడ రెండోసారి పోయించుకుంది. మా వైపు ఊరిబిండి పచ్చడి ఉంటే ఇంకా బాగుండేదంట.

పోఖరా దిగాక లేక్‌సైడ్‌లో పెద్ద థకాలీ రెస్టారెంట్‌కి మా ఖర్చుతో మేమే వెళ్ళాం, ఏసీ, యూనిఫారాలు, అవే కంచు కంచాలు. బాగానే ఉంది, కాదనను. కానీ పప్పులో జింబు తగల్లేదు, రెండోసారి అన్నం కావాలంటే చెయ్యెత్తి వెయిటర్ కోసం చూడాల్సొచ్చింది, రేటేమో దాదాపు రెట్టింపు. మీరు వెళ్తే మాత్రం లోయలోనే తినండి, టూర్ వాళ్ళకి ముందురోజే చెప్పి ఒక పూట వాళ్ళ భోజనం మానేయండి, ఉల్లి వెల్లుల్లి వద్దనుకుంటే బండి దిగగానే చెప్పండి, వండేశాక కాదు.