బొడ్డు లోతు

"అమ్మా, అడుగు కనపడట్లేదు. నేను దిగను."

సంక్రాంతి రోజు పొద్దున్నే, మా పుట్టింటి వెనక కాలువ రేవులో రెండో మెట్టు మీద నిలబడి మా అమ్మాయి అన్న మాట ఇది. దానికి తొమ్మిదేళ్లు. పుట్టింది బెర్లిన్‌లో, ఈత నేర్చుకుందీ అక్కడే. పదిహేను నిమిషాలు ఆగకుండా ఈదుతుంది. రెండు మీటర్ల లోతులో రింగు పడేస్తే మునిగి తీసుకొస్తుంది. ఆ పరీక్ష పాసైనందుకు ఇచ్చిన బ్రాంజ్ బ్యాడ్జీని దాని స్విమ్ సూట్ మీద కుట్టింది నేనే. సూది రెండుసార్లు వేల్లో దిగింది. అలాంటి పిల్ల మా కాలువలో దిగనంటోంది.

నేనేమో టికెట్లు బుక్ చేసిన రోజు నుంచీ దీని చేత పండక్కి మూడు మునకలు వేయించాలని కూర్చున్నాను. "ఇవి గోదావరి నీళ్లమ్మా, ధవళేశ్వరం నుంచి వస్తాయి. నీ బెర్లిన్‌లో లాగా మనుషులు కట్టిన పూల్ కాదు ఇది" అన్నాను కాస్త గొప్పగానే.

గట్టు మీద వేపపుల్ల నములుతున్న మా అన్నయ్య ఊరుకుంటాడా! "ఇదీ తవ్విన కాలువేనే. కాటన్ దొర ఆనకట్ట 1847లో మొదలెట్టి 1852కి కట్టేశాడు. ఆ ఆనకట్ట లేకపోతే ఈ నీళ్లు ఇటెందుకొస్తాయి?" అన్నాడు.

పాప నావైపు తిరిగింది. "అయితే ఇదీ పూలే. మరి లోతు ఎక్కడ రాశారు? క్లోరిన్ ఎందుకు వెయ్యరు?"

గోదారోళ్ల ఎటకారం నీళ్లలోంచి రాదు, రక్తంలోంచే వస్తుందని అప్పుడు తెలిసింది. "మాటలాపి దిగు" అన్నాను. "నువ్వు ముందు దిగు, నేను చూస్తాను" అంది.

అక్కడ దొరికిపోయాను. నాకు ఈత రాదు.

కోనసీమలో పుట్టి, పెరటి వెనకే కాలువ పెట్టుకుని ఈత రాదని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అన్నయ్యకి ఏడేళ్లప్పుడు నాన్న రెండు ఎండు కొబ్బరికాయల పీచు లాగి ముడేసి, ఆ ముడి పొట్ట కిందకి వచ్చేలా పెట్టి కాలువలోకి తోశారు. నేను మెట్ల మీద వాడి చొక్కా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆడపిల్లకి ఈతెందుకని మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అనాల్సిన పనే పడలేదు. కార్తీకంలో అమ్మ చెయ్యి పట్టుకుని, ముక్కు మూసుకుని, ఆఖరి మెట్టు దాటకుండా మునిగి లేచేదాన్ని. నాకూ గోదావరికీ ఉన్న సంబంధం ఆ మెట్టు దగ్గరే ఆగిపోయింది.

ఈ సంగతి బెర్లిన్‌లో ఎవరికీ చెప్పలేదు. పాపకి ఈత నేర్పినావిడ "మీది నది పక్క ఊరట కదా" అంటే "అవును, గోదావరి" అన్నాను. ఇంటి పేరు అడిగితే చెప్పినంత ధీమాగా. ఆవిడ నాకు ఈత వచ్చనే అనుకుంది. నేను కాదనలేదు. మూడేళ్లుగా తడి బెంచీ మీద తువ్వాలు పట్టుకుని కూర్చోవడమే నా పని. అప్పట్లో అన్నయ్య చొక్కా, ఇప్పుడు కూతురి తువ్వాలు.

డిసెంబరులో అక్కడ నాలుగింటికే చీకటి పడుతుంది. పిల్లని ఇంట్లో కూర్చోబెడితే టీవీ, లేదా నాతో గొడవ. అందుకని ఒక చలికాలమంతా శనివారానికో ఈతకొలను చొప్పున తిరిగాం. షార్లోటెన్‌బుర్గ్‌లో 1898 నాటి పాత హాలు, ఎర్ర ఇటుకల గోడ, లోపల ఇనుప దూలాలు. ఓడర్‌బెర్గర్ వీధిలోది 1902లో తెరిచారు, 1986లో మూతబడింది, 2016లో హోటల్‌తో సహా మళ్లీ తెరిచారు. అక్కడ కొలను అడుగుని పైకి లేపి నేలలాగా చేసేస్తారు, పెళ్లిళ్లు, మీటింగులు పెట్టుకోవడానికి. పాపకి ఇదే అన్నిటికంటే నచ్చింది. నాకు నచ్చింది మాత్రం నోయ్‌కోల్న్‌లోది.

1914లో తెరిచారు దాన్ని. రోమన్ల స్నానశాలల్ని చూసి కట్టారు. కట్టిన రైన్‌హోల్డ్ కీల్ అది తెరవడానికి ముందు సంవత్సరమే పోయాడు. పొడవాటి కొలనుకి రెండు పక్కలా రాతి స్తంభాలు, కంచు వాల్‌రస్‌ల నోట్లోంచి పడే నీళ్లు. ఎవరైనా దగ్గితే ఆ శబ్దం పైకప్పుకి తగిలి తిరిగొస్తుంది. మొదటిసారి వెళ్లినప్పుడు నా చెయ్యి దానంతటదే చెంపల మీదకి వెళ్లబోయింది. ఎవరూ చూడలేదులెండి.

ఈ స్నానశాలలన్నీ ఎందుకు కట్టారో ఒక గోడ మీద చదివాను. అప్పట్లో బెర్లిన్ పేదల ఇళ్లలో స్నానాల గదులు లేవు. ఓస్కార్ లస్సార్ అని ఒక చర్మవ్యాధుల డాక్టరు, 1883లో జరిగిన ఆరోగ్య ప్రదర్శనలో చవగ్గా షవర్ స్నానం ఎలా పెట్టొచ్చో కట్టి చూపించాడు. ఆయన నినాదం "ప్రతి జర్మనుకీ వారానికో స్నానం".

ఆ ఏడాది కార్తీకంలో అమ్మ మా దగ్గరే ఉంది. ఈ మాట చెప్పగానే "వారానికోసారా! మరి మిగతా ఆరు రోజులూ?" అని బుగ్గలు నొక్కుకుంది. ఆ సాయంత్రమే ఫోన్‌లో మా వీధంతటికీ చేరేసింది. నేనూ ఆగలేదు. పాపని కూర్చోబెట్టి, మనవాళ్లు తెల్లారకుండా స్నానం చెయ్యనిదే పొయ్యి కూడా వెలిగించరని పెద్ద లెక్చర్ ఇచ్చాను. అంతా విని "ఆదివారం నువ్వు చెయ్యవు కదా" అంది. సాయంత్రం చేస్తానన్నాను. అది కూడా ఎప్పుడూ నిజం కాదు.

అమ్మకి అక్కడ పోలిపాడ్యమే పెద్ద సమస్య అయింది. అరటి దొప్ప ఎక్కడ దొరుకుతుంది? కేక్ కాల్చే కాగితపు గిన్నెలో వత్తి పెట్టి, స్నానాల తొట్టిలో నీళ్లు నింపి దీపం వదిలింది. పోలి స్వర్గానికి వెళ్లిన కథ చెప్పింది. పాప శ్రద్ధగా వింది. "నీళ్లు ఎక్కడికీ పోవు కదా, మరి దీపం ఎలా వెళ్తుంది?" అని చెయ్యి పెట్టి బిరడా లాగేసింది. నీళ్లు సుడి తిరిగాయి, దీపం రెండు చుట్లు తిరిగి తొట్టి అంచుకి తగిలి ఆరిపోయింది. నేను కేకలేశాను. అమ్మ మాత్రం దండం పెట్టుకుంది. "వెళ్లిందిలే బంగారం" అంది.

ఆ కొలనుల గురించి చెప్పుకోలేని సంగతి ఇంకోటుంది. నీళ్లలో దిగేముందు ఒంటి మీద నూలుపోగు లేకుండా సబ్బుతో స్నానం చెయ్యాలి, అందరి మధ్యా. మొదటిసారి నేను బట్టల మీదే నీళ్లు పోసుకుని జారుకోబోతుంటే, ఆరేళ్ల నా కూతురు "అమ్మా, బట్టలతో చెయ్యకూడదని బోర్డు ఉంది" అని జర్మన్‌లో అరిచింది. హాలంతా వినపడింది. పక్కన డెబ్బయ్యేళ్ల ముసలమ్మలు ఇద్దరు, వేలాడే ఒళ్లతో, వీపులు తోముకుంటూ బంగాళదుంపల ధర గురించి మాట్లాడుకుంటున్నారు. నన్ను చూడనైనా లేదు. మా రేవులో ఆడవాళ్లు తడి చీర లోపలినుంచి జార్చి పొడి చీర చుట్టుకునే నేర్పు నాకు గుర్తొచ్చింది. దాన్ని మన మర్యాద అని ఎన్నో చోట్ల గొప్పగా చెప్పాను. ఆ రోజు మాత్రం ఆ ముసలమ్మల్ని చూసి కుళ్లుకున్నాను.

ఇంట్లో "తలుపేసుకో, బట్టలు సర్దుకో" అంటాను. శనివారం వస్తే "సిగ్గుపడుతూ నిలబడకు, తొందరగా విప్పు" అంటాను. రెంటిలో ఏది నా పెంపకమో నన్నడక్కండి. విదేశాల్లో పిల్లల్ని పెంచేవాళ్లకి గట్టిగా చెప్పగలిగింది ఒక్కటే ఉంది నా దగ్గర: ఈత చిన్నప్పుడే నేర్పించండి. బెర్లిన్‌లో అయితే మూడో తరగతిలో బడివాళ్లే తీసుకెళ్తారు. మిగతా సలహాలు వేరేవాళ్లని అడగండి.

సంక్రాంతి రోజు మునకలు జరగలేదు. అమ్మకి బెంగ పట్టుకుంది. 2027లో పుష్కరాలు, అప్పటికి పిల్లకి గోదావరి అలవాటు కాకపోతే ఎలా అని. 2015లో మొదటి రోజే రాజమండ్రిలో తొక్కిసలాట జరిగి 27 మంది పోతే, వెళ్లొద్దని బెర్లిన్ నుంచి నేను ఏడ్చినంత పని చేశాను. ఆవిడ వెళ్లి మునిగొచ్చింది. అలాంటి మనిషి మనవరాలిని మాత్రం ఏమీ అనలేదు. ఇంట్లోనే కుంకుడుకాయ రసంతో తలంటింది. పాప కళ్లు మండి వీధి చివరిదాకా వినపడేలా ఏడ్చింది. దాంతో నాకేదో పంతం నెగ్గినట్టు అనిపించింది. ఎంత చవకబారు తల్లినో చూడండి.

రాత్రి అన్నాల దగ్గర పాప అన్నయ్యని అడిగింది, కాలువకి అన్ని రేవులెందుకని. "అవతలది చాకలి రేవు. ఆ కింద వాళ్లది. ఇది మనది. ఇప్పుడలా ఏం లేదులే" అన్నాడు. "వాళ్లంటే ఎవరు?" అంది. అమ్మ పెరుగు కోసం లేచింది. నేను "పాతకాలం మాటలమ్మా" అన్నాను.

"బెర్లిన్‌లో పూల్ అందరిదీ" అంది.

నాకు రోషం వచ్చింది. "మీ బెర్లిన్‌లో 1938 డిసెంబరులో యూదుల్ని స్నానశాలల్లోకి రావద్దని నిషేధం పెట్టారు, తెలుసా?" అన్నాను. తొమ్మిదేళ్ల పిల్లతో డిబేట్! పైగా మీ బెర్లిన్ అట. దాన్ని అక్కడ కన్నదెవరు?

"తెలుసు. స్కూల్లో చెప్పారు. ఇక్కడ స్కూల్లో రేవుల గురించి చెప్తారా?"

"అన్నం చల్లారిపోతోంది, తిను" అన్నాను.

కనుమ రోజు జగ్గన్నతోట తీర్థానికి వెళ్లాం. గంగలకుర్రు వైపు ప్రభలు కౌశిక కాలువ దాటే చోట, గట్టు మీద జనంలో ఎలాగో ఇరుక్కుని నిలబడ్డాం. వెదుళ్లతో కట్టి రంగుల గుడ్డలు చుట్టిన అంత ఎత్తు ప్రభని భుజాల మీద మోస్తూ మగవాళ్లు నీళ్లలోకి దిగారు. "అశ్శరభ శరభ" అని అరుపులు. నడుం దాటి ఛాతీ దాకా నీళ్లు. ప్రభ ఒకపక్కకి ఒరిగింది, వెంటనే ఇటువైపు వాళ్లు భుజం మార్చుకుని నిలబెట్టారు. పాప నా మణికట్టు పట్టుకుంది, గోళ్లు దిగాయి. లైఫ్‌గార్డ్ ఏడని అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

"వాళ్లకి అడుగు కనపడుతుందా మావయ్యా?"

"కనపడదు. కాలికి తెలుస్తుంది" అన్నాడు అన్నయ్య.

మర్నాడు పొద్దున్న నేనొక్కదాన్నే రేవులో దిగాను. ఎవరికీ చెప్పలేదు. కానీ మా ఇంట్లో రహస్యాలు ఉండవు. రెండు నిమిషాల్లో పాప, దాని వెనక అమ్మ, వేపపుల్లతో అన్నయ్య గట్టు మీదకి వచ్చేశారు. నీళ్లు చల్లగా ఉన్నాయి. మెట్లకి పాచి. ఒక పక్క గుర్రపుడెక్క, దాంట్లో చిక్కుకున్న షాంపూ ప్యాకెట్లు. పైన రొయ్యల చెరువుల నీళ్లు ఎక్కడ కలుస్తున్నాయో తల్చుకోకూడదనుకుంటూనే తల్చుకున్నాను. ఎప్పుడూ ఆగే మెట్టు దాటి కింద కాలు పెడితే మెత్తగా బురద తగిలింది. కాలికి ఏమీ తెలియలేదు.

"ఆగు! బొడ్డు వచ్చేసింది" అని అరిచింది పాప. "ఈత రానివాళ్లు బొడ్డు వరకే దిగాలి. అది రూలు."

"ముక్కు మూసుకోవే" అంది అమ్మ పైనుంచి, నాకింకా ఆరేళ్లే అన్నట్టు.

అన్నయ్య పెరట్లోకి వెళ్లి రెండు ఎండు కొబ్బరికాయలు పట్టుకొచ్చాడు. మెట్టు మీద కూర్చుని పీచు లాగి ముడేశాడు. పాప వాటిని చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ముడిని రెండుసార్లు లాగింది.

"ఇవి ఎన్ని కిలోలు మోస్తాయి? టెస్ట్ చేశారా మావయ్యా?"

"ఎందుకు చెయ్యలేదు? ఊళ్లో మగపిల్లలందరి మీదా చేశాం" అన్నాడు.

పాప ఆ కాయల్ని పట్టుకుని మూడో మెట్టు దాకా దిగి, నాకు అందేలా చెయ్యి చాచింది.