ఈసారి నిర్ణయం నన్ను అడిగారు

అమ్మ ఒళ్లో కూర్చున్న నాలుగేళ్ల బాబు చెవిని మెల్లగా పైకి, వెనక్కి లాగి ఓటోస్కోప్ (చెవి లోపల చూసే పరికరం) పెట్టాను. ముత్యంలా మెరవాల్సిన కర్ణభేరి ఎర్రగా ఉబ్బి ఉంది.

పక్కనే ఉన్న మా ప్రిసెప్టర్, అంటే క్లినిక్‌లో నాకు దగ్గరుండి పని నేర్పే ఆవిడ, అడిగారు: "ఇప్పుడేం చేద్దాం?"

ఒక్క క్షణం నోట మాట రాలేదు. పదకొండేళ్లు ఐసీయూలో నర్సుగా చేశాను. తేడా కనిపిస్తే డాక్టర్‌కి ఫోన్ చేయడమే అలవాటు. ఇప్పుడు నర్స్ ప్రాక్టీషనర్ (రోగిని పరీక్షించి మందులు రాసే నర్సు) కోర్సు చదువుతున్నాను. ఇవాళ అడుగుతున్నది నన్నే.

బాబు బరువు 16 కిలోలు. ఒక చెవికే నొప్పి, అదీ నిన్నటి నుంచి, కొద్దిగానే. జ్వరం పెద్దగా లేదు. రెండేళ్లు దాటిన పిల్లలకి ఇలా ఉంటే వెంటనే యాంటీబయాటిక్ ఇవ్వకుండా ఆగి చూడొచ్చు. ఇప్పటికి నొప్పికి మందు, 48 నుంచి 72 గంటల్లో తగ్గకపోతే అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ అన్నాను. డోసు లెక్క కాగితం మీద రెండుసార్లు వేసుకున్నాను.

ప్రిసెప్టర్ తలూపి, "అమ్మకి నువ్వే చెప్పు" అన్నారు.

యాంటీబయాటిక్ ఎందుకు రాయడం లేదో ఆ తల్లికి చెప్పడానికే ఎక్కువసేపు పట్టింది. పుస్తకంలో అది ఒక్క లైను. చెబుతుంటే ఆమె మొహంలో టెన్షన్ తగ్గడం కళ్లారా చూశాను.

1965లో కొలరాడోలో నర్సు లొరెట్టా ఫోర్డ్, ఒక పిల్లల డాక్టర్‌తో కలిసి ఈ చదువుకి శ్రీకారం చుట్టింది కూడా పిల్లల వైద్యంతోనే. ఇవాళ ఆవిడ చాలాసార్లు గుర్తొచ్చారు.

మా ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సులో 750 గంటల క్లినికల్స్, అంటే రోగుల దగ్గర శిక్షణ. ఇవాళ్టితో 212.

ఎల్లుండి ఆ తల్లికి ఫోన్ చేయాలి, బాబు రాత్రి నిద్రపోయాడో లేదో కనుక్కోవాలి.